ఎడమ కంటి మీది అక్కి

రామగుండం స్టేషన్

స్టేషన్ బయట షేర్ ఆటోలో ఉన్నవాళ్ళం నలుగురం: డ్రైవరు, నేను, నాకు దారి చూపడానికి వచ్చిన శంకరన్న, గోదావరిఖని వెళ్ళే ఒక అవ్వ. ఉన్న వస్తువులు: మంచు ప్యాకెట్లు పేర్చిన థర్మోకోల్ పెట్టె, దానిలో మూతలు బిగించిన ఖాళీ గొట్టాలు నలభై, చేతి తొడుగుల డబ్బా, సంతకాలు తీసుకోవలసిన కాగితాలు, నా బట్టల సంచి, అవ్వ ఒళ్ళో రెండు సొరకాయలు.

అవ్వ పెట్టెను వేలితో తట్టింది.

"చేపలా బిడ్డా? కిలో ఎట్లిస్తున్నవ్?"

"చేపలు కాదవ్వా. పరిశోధన కోసం."

"ఇప్పుడు ఖాళీగున్నది అవ్వా. పోయేటప్పుడు నింపుకపోతడు" అన్నాడు శంకరన్న.

"ఏం నింపుకపోతడు?"

శంకరన్న దాచలేదు. మనుషుల మలం, కొంచెం ఉమ్మి అని చెప్పేశాడు. అవ్వ సొరకాయల్ని దగ్గరికి లాక్కుని, నా వైపు చాలా జాలిగా చూసింది. "మీ అమ్మనాయన గిందుకేనా సదివిచ్చిన్రు నిన్ను?" అంది.

మాది మంథని. బొగ్గు బావులకు దగ్గరి ఊరే. నాన్న బడిపంతులు, తాత గుడి పనిలో ఉండేవారు. రామగుండం కరెంటు కేంద్రం పొగగొట్టాల ఎర్ర దీపాలు చిన్నప్పుడు దూరం నుంచి చూసేవాణ్ణి కానీ, ఈ వైపు ఎప్పుడూ దిగలేదు. మా ఇళ్ళలో "ఖని" అంటే కూరగాయల ధరలు పెరగడానికి కారణం, అంతే. హైదరాబాదులో ఒక ల్యాబులో చేరాక, మార్చి చివరలో, ఉద్యోగం పేరుతో మొదటిసారి ఇక్కడికి వచ్చాను. ఇందులో వచ్చే మనుషుల పేర్లన్నీ మార్చి రాస్తున్నాను.

పని ఏమిటో ముందే చెప్పేస్తాను. మన పెద్దపేగులో కొన్ని బ్యాక్టీరియాలు మనం అరిగించుకోలేని పీచును తిని బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాన్ని తయారు చేస్తాయి. ముక్కిపోయిన వెన్నకు ఆ వాసన ఇచ్చేది ఇదే. పేగు గోడకు ఇది తిండి, వాపును తగ్గిస్తుంది. ఇంతవరకు మంచిదే. కానీ ల్యాబులో, గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీద పోస్తే, హెర్పిస్ జాతి వైరస్‌లలో నిద్రపోతున్న కొన్నింటిని ఇదే ఆమ్లం లేపుతుంది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరస్ కూడా ఆ జాతిదే. అమ్మవారు దిగిపోయినా అది ఒంట్లోంచి పోదు, నరాల మొదళ్ళలో పడుకుంటుంది. ఏళ్ళ తర్వాత లేచి ఒక నరం వెంట మంటతో, నొప్పితో పొక్కులు పోస్తే దాన్ని మనం అక్కి అంటాం. మరి మనిషి ఒంట్లో బ్యుటిరేట్ ఆ వైరస్‌ను జోకొడుతుందా, లేపుతుందా? మా ప్రశ్న ఇది. షిఫ్టు డ్యూటీతో నిద్ర, తిండి చెదిరిన మనుషుల్లో అక్కి వచ్చినవాళ్ళను, రానివాళ్ళను పోల్చి చూడాలని నన్ను పంపారు.

గోదావరిఖని

ఇక్కడ ఎండకు రంగు ఉంటుంది, బూడిద రంగు. ఆరేసిన తెల్ల బట్టలు సాయంత్రానికి ఆ రంగులోకి వస్తాయి. కార్మికుల కాలనీలో ఇళ్ళన్నీ ఒకే కొలత. ఎవరి ఇల్లో తెలియడానికి ఒకరు గడపకు నీలం వేశారు, ఇంకొకరు కొబ్బరిపీచుతో తోరణం కట్టారు. మంథనిలో కొత్త మనిషి కనిపిస్తే మొదట గోత్రం అడుగుతారు. ఇక్కడ "ఏ బాయి?" అని అడుగుతారు. బాయి అంటే బొగ్గు గని. తర్వాతి ప్రశ్న "ఏ షిఫ్టు?" ఈ రెండూ తెలిస్తే మనిషి తెలిసినట్టే.

శంకరన్న బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. అతనికి ఒకప్పుడు పక్కటెముకల మీద అక్కి వచ్చింది. ఇప్పటికీ చొక్కా తగిలితే అక్కడ సూదులు గుచ్చినట్టు ఉంటుందట. అందుకే ఈ పనికి ఒప్పుకున్నాడు. నేను మూడుసార్లు చెప్పినా నన్ను అందరికీ "డాక్టర్ సారు" అనే పరిచయం చేశాడు. "నేను డాక్టర్‌ను కాదన్నా" అంటే, "గొట్టంల పట్టుకునేటోడు డాక్టర్ గాక ఇంకెవడు?" అన్నాడు.

గొట్టాలు ఇస్తుంటే నవ్వులు ఆగలేదు. "బాయిల చెమట తీసుకున్నరు, నెత్తురు తీసుకున్నరు. గిదొక్కటే మిగిలింది, తీస్కపో సారూ" అన్నాడొకాయన. పక్కాయన, "వానిది తీస్కపోకు, మీ మిషను ఖరాబైతది" అన్నాడు. తిండి గురించి అడిగితే అందరి జవాబూ ఒకటే. తండ్రులు జొన్నగట్క తిన్నారు, వీళ్ళు బియ్యం తింటున్నారు; రాత్రి షిఫ్టులో చాయ్, బిస్కెట్. పేగులోని నా బ్యాక్టీరియాలకు ఈ ఇళ్ళలో పెద్దగా ఏమీ దొరకడం లేదని రాసుకున్నాను.

కాలనీ చివరి వరసలో ఓదెలు ఇల్లు. శంకరన్న అతన్ని బావా అని పిలుస్తాడు. యాభై దాటిన మనిషి, బాయి లోపల కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని. తలుపు తీయగానే నేను ముందు అతని నుదురు చూశాను. ఎడమ కనుబొమ్మ పైన, జుట్టు దాకా, నీటి పొక్కులు గుత్తులుగా ఉన్నాయి. నుదుటి మధ్యలో గీత గీసినట్టు ఆగిపోయాయి. కుడివైపు ఒక్కటీ లేదు. నిన్న లేచాయట. ముక్కు కొన మీద ఒక చిన్న పొక్కు ఉంది.

నేను పుస్తకాల్లో చదివింది ఆ పొక్కు గురించే. ముక్కు కొనకు, కంటికి ఒకే నరం కొమ్మ వెళ్తుంది. అక్కడ పొక్కు లేచిందంటే కంటికి దిగే ప్రమాదం ఎక్కువ.

"ఓదెలన్నా, ఇవాళే దవాఖానకు వెళ్ళాలి. దీనికి గోలీలు ఉన్నాయి. మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. ఆలస్యం చేస్తే కన్ను పోవచ్చు."

అతను కుర్చీలో ముందుకు జరిగాడు. "కన్ను పోతదా?"

"పోవచ్చు."

"మొత్తానికా?"

"అందరికీ కాదు. కానీ పోవచ్చు."

అతని భార్య రాజక్క వంటింట్లోంచి వచ్చింది. "నేను పొద్దట్నుంచి మొత్తుకుంటున్న, ఇంటడా? నువ్వన్న చెప్పు తమ్మీ" అంది.

"పోత తియ్యి. పొద్దుగాల పోత" అన్నాడు ఓదెలు. తర్వాత తనే గొట్టం అడిగి తీసుకున్నాడు. మందులేమైనా వాడారా అంటే లేదన్నాడు. ఇంత తాజా కేసు దొరకడం మాకు చాలా అరుదు. అతను నింపి తెచ్చిన గొట్టం మీద సంఖ్య వేసి పెట్టెలో పెట్టుకున్నప్పుడు సంతోషంగానే ఉన్నాను.

రాజక్క నాకు సర్వపిండి పెట్టింది. గిన్నె అడుగున ఒత్తి కాల్చిన బియ్యప్పిండి రొట్టె, పల్లీలు, నువ్వులు వేసి. మంథనిలో మా అమ్మ చేసేదాని కంటే మందం, కారం రెట్టింపు. తింటున్నంతసేపూ ఓదెలు గోడకు ఉన్న క్యాలెండర్ వైపు తిరిగి కూర్చున్నాడు. నొప్పి వల్ల మాట్లాడటం లేదనుకున్నాను.

రామకృష్ణాపూర్

మర్నాడు గోదావరి వంతెన దాటి మంచిర్యాల మీదుగా రామకృష్ణాపూర్. నది నడుమ ఇసుక తెల్లగా మెరుస్తోంది, నీళ్ళు ఒక పక్కకు ఒదిగి ఉన్నాయి. బస్టాండు దగ్గర చాయ్ పది రూపాయలు, గ్లాసు చిన్నది. హైదరాబాదులో అదే ధరకు ఇంకా చిన్న గ్లాసు ఇస్తారు కనుక ఫిర్యాదు లేదు.

ఇక్కడ చిన్న ప్రమాదం జరిగింది. పెట్టెలో మంచు కరిగిపోవడంతో శంకరన్న చేపల మార్కెట్‌కు వెళ్ళి ఐసు కొనుక్కొచ్చాడు. ఆ తర్వాత మిగిలిన రోజులన్నీ మా పెట్టె నిజంగానే చేపల వాసన కొట్టింది. రెండు పిల్లులు మమ్మల్ని ఒక వీధి మొత్తం వెంబడించాయి.

మల్లయ్య కాక అనే పెద్దాయన ఇంట్లో కూర్చున్నాం. రిటైరై చాలా కాలమైంది. ఆయన ఊపిరి మాటకు, మాటకు మధ్య ఈల వేస్తుంది. గొట్టం తీసుకుని, "గిదిస్తే నాకేమన్న ఒస్తదా?" అని అడిగాడు.

"ఏమీ రాదు కాకా. ముందు ముందు మందులు కనిపెట్టడానికి ఉపయోగపడవచ్చు."

"ముందు ముందు నేనుంటే గద." నవ్వాడు. తర్వాత ఆ వీధిలోని ఇళ్ళను ఒక్కొక్కటిగా చూపించాడు. "గా ఇంట్ల కొడుకు నౌకరి చేస్తున్నడు, తండ్రిది గుండె. గా పక్కింట్ల అల్లుడు చేస్తున్నడు, మామది నడుము. గా మూలింటోడు పాపం, అన్నీ మంచిగున్నయి వానికి. రిటైరైండు. కొడుకు ఆటో నడుపుతడు."

నాకు అర్థం కాలేదు. శంకరన్న చెప్పాడు. కార్మికుడికి ఇక పనిచేయలేని జబ్బు చేసి, వైద్యుల బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తే, అతని చోట ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. అయితే సర్వీసు ఇంకా కొంత మిగిలి ఉండాలి. గడువు దాటాక ఎంత జబ్బు చేసినా పిల్లలకు ఏమీ రాదు.

"బయటోళ్ళకు బీమారి ఒస్తే దేవునికి మొక్కుతరు" అన్నాడు మల్లయ్య కాక. "మేము ముందుగాల సర్వీసు ఎంతున్నదో చూసుకుంటం. తర్వాతనే మొక్కుడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఉండగా నాకు ఓదెలు, గోడ మీది క్యాలెండర్ గుర్తొచ్చారు.

"శంకరన్నా, ఓదెలన్నకు సర్వీసు ఎంత ఉంది?"

శంకరన్న వేళ్ళు మడిచాడు, మళ్ళీ తెరిచాడు. "గడువు గీ దసరాకు దాటుతది" అన్నాడు.

కాసిపేట

ఆ మధ్యాహ్నమే కాసిపేటలో మక్కగట్క తిన్నాను. మొక్కజొన్న రవ్వను చిక్కగా ఉడికించి, మీద పచ్చిపులుసు పోసి ఇచ్చారు. మా పరిశోధన మొత్తానికి పీచు బాగా ఉన్న భోజనం అదొక్కటే. దాని గురించి ఇంకా రాయాలని ఉండింది కానీ అక్కడ నా చెవి ఫోను మీదే ఉంది.

ఓదెలు ఎత్తలేదు. సాయంత్రం రాజక్క ఎత్తింది.

"దవాఖానకు వెళ్ళారా అక్కా?"

"యాడికి పోయిండు తమ్మీ! అక్కి రాయించుకుంటనని కమాన్‌పూర్ల వాళ్ళ చెల్లె ఇంటికి పోయిండు. రేపు పొద్దుగాల కుమ్మరవ్వ రాస్తదట. రాసినంక మన్ను రాలేదాక మందు పెట్టొద్దట. నేను గట్టిగ అనలేకపోయిన. దేవుని పని గద, ఏమన్న అయితే నా మీదికొస్తది."

"కన్ను ఎలా ఉంది?"

"ఎర్రగైంది. నీళ్ళు కారుతున్నయి."

కమాన్‌పూర్

కమాన్‌పూర్ దారిలో కొండలు కనిపిస్తాయి. చెట్టు చేమ లేని, మెట్లు మెట్లుగా ఉన్న కొండలు. కొత్తవాళ్ళు ఏ కొండలని అడుగుతారు. అవి ఓపెన్‌కాస్టు గనిలోంచి తవ్వి పోసిన మన్ను. కింద ఉండవలసింది పైన ఉంది.

కుమ్మరి వీరవ్వ ఇల్లు ఊరి మొదట్లోనే. కుండలు చేయడం మానేసి చాలాకాలమైంది. చక్రం గోడకు ఆనించి ఉంది, దాని మీద కోడి ఎక్కి కూర్చుంది. అక్కి రాయడం మాత్రం మానలేదు. జాజు అనే ఎర్రమన్నును నీళ్ళలో కలిపి, పుల్లతో పొక్కుల చుట్టూ గీత గీస్తుంది. గీత లోపల సింహం బొమ్మ వేస్తుంది. సింహాన్ని చూసి అక్కి ముందుకు రాదట. పైసలు తీసుకోదు. కొబ్బరికాయ, గిద్దెడు బియ్యం చాలు. మంథనిలో మా ఇళ్ళలో అక్కి వస్తే మంత్రం చదివి విభూతి పెట్టేవారు. ఇక్కడ మంత్రం లేదు, బొమ్మ ఉంది. నాకు బొమ్మే నచ్చింది.

మేము వెళ్ళేసరికి ఓదెలు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద సింహం ఆరుతోంది. తోక కనుబొమ్మ దాకా దిగింది. దాని కింద కన్ను వాచి మూసుకుపోయి ఉంది, రెప్పల సందులోంచి నీరు కారి ఎర్రమన్నును చెంప మీదికి తెస్తోంది.

"ఓదెలన్నా, దవాఖానకు ఎందుకు వెళ్ళలేదు?"

"అక్కి రాసినంక మందు పెట్టొద్దు సారూ. మన్ను దానంతట అది రాలాలె. గిది పెద్దల కట్టుబాటు."

లోపల చేతులు కడుక్కుంటున్న వీరవ్వ బయటికి వచ్చింది. "ఎవల కట్టుబాటు? నేనెన్నడన్న అన్ననా గట్ల? ఎండల తిరగకన్న, నీళ్ళు తగలనియ్యకన్న, కోడికూర తినకన్న. గోలీలు మింగద్దని ఎవ్వలకు చెప్పలే. నాకే షుగరున్నది, పొద్దుమాపు గోలీలు మింగుత. పోయిన వారం వచ్చిన పంతులమ్మ సంచిల మందులు పెట్టుకునే వచ్చింది. కంటిదాక వచ్చింది గద, నడువు దవాఖానకు. సింహం ఏం జేస్తది లోపట?"

ఓదెలు కొబ్బరిచిప్ప తీసుకుని లేచాడు.

రోడ్డు మీద చాయ్ బండి దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. శంకరన్నే అడిగాడు. "బావా, బోర్డు కోసమేనా?"

ఓదెలు చాయ్ ఊదాడు. "నాకు కండ్లు రెండున్నయి శంకర్. వానికి నౌకరి ఒక్కటి లేదు."

వాడు అంటే కొడుకు తిరుపతి. మైనింగ్ డిప్లొమా చదివి మంచిర్యాలలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తున్నాడు.

"ఒక్క కన్ను పోతే అన్‌ఫిట్ ఇస్తరని ఎవడు చెప్పిండు నీకు?" శంకరన్న గొంతు పెరిగింది. "బాయి దిగనియ్యరు, గంతే. పైన కూసోవెడుతరు. ల్యాంపు రూముల నెత్తికి పెట్టుకునే బత్తీలు అందియ్యమంటరు."

"మా ఇండ్ల వరుసల రాయమల్లుకు ఇచ్చిన్రు."

"వానికి గుండె గూడ ఖరాబే! కన్నుకియ్యలే వానికి."

"చూద్దాం తియ్యి. నాకేమన్న రాసిపెట్టి ఉన్నదేమో."

నేను నాకు తెలిసినవన్నీ వరసగా చెప్పాను. కనుగుడ్డు మీద మచ్చ పడితే పోదని. ఈ నొప్పి కొందరికి ఏళ్ళ తరబడి ఉంటుందని, దానికి బోర్డు లేదని. ఆలస్యమైనా మందు ఇప్పటికీ కొంత పనికొస్తుందని. అతను శ్రద్ధగా విన్నాడు.

"మంచిగ చెప్తరు సారూ మీరు. గా రోజు గూడ మంచిగ చెప్పిన్రు. కన్ను పోతదని మీరే అన్నరు కద. అప్పటిదాక నాకెరుక లేదు. ఉత్త అక్కే అనుకున్న, తగ్గిపోతదనుకున్న."

నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

అతని గొంతులో నిష్ఠూరం లేదు. దారి చెప్పినవాడికి దండం పెట్టినట్టు చెప్పాడు. అతన్ని దవాఖానకు పంపడానికి నేను వాడిన మాట ఒక్కటే, ఆ మాట పట్టుకునే అతను దవాఖానకు వెళ్ళలేదు. మంథనిలో ఇదే మాట ఎవరితో అన్నా చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేవారు.

శంకరన్న బెంచీ మీంచి లేచి దూరంగా వెళ్ళి తిరుపతికి ఫోన్ చేశాడు.

మళ్ళీ గోదావరిఖని

తిరుపతి బైకు మీద కమాన్‌పూర్ చాయ్ బండి దగ్గరికి వచ్చాడు. దుకాణం పేరు ఉన్న టీషర్టుతోనే వచ్చాడు. హెల్మెట్ తీసి తండ్రి ముఖం చూసి, కొంతసేపు హెల్మెట్‌ను తిప్పుతూ నిలబడ్డాడు.

"నేనడిగిన్ననా నీ కన్ను?" అన్నాడు.

"మెల్లగ మాట్లాడు. మంది ఇంటున్నరు."

"ఇననీ. అడిగిన్ననా?"

"నువ్వడగలే."

"మరెందుకు నానా గిట్ల?"

ఓదెలు బైకు వెనక ఎక్కాడు. ఎవరూ బతిమాలలేదు. కొడుకు వచ్చాక అతను మళ్ళీ ఎదురు చెప్పలేదు, అంతే. మేము ఆటోలో వెనక వెళ్ళాం. ముందు బైకు మీద గాలికి ఎండిన ఎర్రమన్ను పొడిగా రాలుతోంది. తిరుపతి టీషర్టు వీపు మీద మరకలు పడ్డాయి.

గోదావరిఖని దవాఖానలో చిన్న వయసు డాక్టరమ్మ చూసింది. ఎప్పుడు లేచాయని అడిగితే ఓదెలు "నిన్న" అన్నాడు. "నాలుగు రోజులు" అన్నాను నేను. ఆమె ఇద్దరినీ చూసి నా మాటే రాసుకుంది. నర్సు తడి దూదితో సింహాన్ని తుడిచింది. మొదట తోక పోయింది, తర్వాత కాళ్ళు. మన్ను కింద పొక్కులు కొన్ని నల్లబడ్డాయి.

ఇంతకు ముందు ఏం మందులు వాడావని ఆమె అడిగింది. ఓదెలు జేబులోంచి ఒక చింపిన రేకు తీశాడు. రెండు రంగుల గోలీలు. పొక్కులు లేచిన రోజే మెడికల్ షాపులో కొని వేసుకున్నాడు. యాంటీబయోటిక్. నాతో మందులేమీ వాడలేదన్నాడు. షాపులో కొన్నవి మందుల లెక్కలోకి రావనుకున్నాడట. దవాఖానలో ఇచ్చినవే మందులు.

నాకు అప్పుడు రెండు విషయాలు అర్థమయ్యాయి. ఒకటి, యాంటీబయోటిక్ పడిన పేగులో బ్యాక్టీరియాలు చెదిరిపోతాయి, కనుక అతను ఇచ్చిన గొట్టం మా లెక్కకు పనికిరాదు. రెండవది, మొదటి రోజు అతను తన జబ్బు తగ్గాలనే అనుకున్నాడు. సొంత డబ్బుతో గోలీలు కొన్నాడు. నేను రెండవ రోజు వెళ్ళాను.

కంటి డాక్టరు లోపల చూస్తుంటే తిరుపతి, నేను వరండాలో నిలబడ్డాం. ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి కిందికి రావడం లేదు. అతను నన్ను చూడకుండా మాట్లాడాడు.

"మొన్న రాత్రి నాన ఫోన్ చేసిండు సార్. నా సర్టిఫికెట్లు, ఆధారు, ఫొటోలు అన్నీ ఒక్కకాడ పెట్టుకొమ్మన్నడు. ఎందుకని నేను అడగలే."

"తెలియదు కదా నీకు."

"ఎరుక లేదు." జేబు తడుముకున్నాడు. "ఫొటోలు మాత్రం పొద్దుగాలనే దిగిన."

జేబులోంచి చిన్న కవరు తీసి చూపించాడు. నీలం వెనక గుడ్డ, తెల్ల చొక్కా, తడిపి దువ్విన జుట్టు. ఎనిమిది ఫొటోలు. బాగా వచ్చాయని అన్నాను.

ఓదెలు కంటికి గాజుగుడ్డ కట్టుకుని బయటికి వచ్చాడు. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగి కంటి డాక్టరును, "మేడం, బోర్డుకు గిది నడుస్తదా?" అని అడిగాడు. ఆమె గోలీలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో మళ్ళీ మొదటినుంచి చెప్పింది.

తిరుగు బండి

రామగుండం స్టేషన్‌లో శంకరన్న పెట్టె ఎక్కించాడు. చేపల వాసనకు పక్క సీటు ఆయన కిటికీ వైపు జరిగాడు. శంకరన్న ప్లాట్‌ఫాం మీంచి కిటికీ ఊచ పట్టుకుని, "ఫికర్ జెయ్యకు సారూ. నువ్వు చెప్పకున్నా ఎవడో ఒకడు చెప్తుండె" అన్నాడు. కావచ్చు. బండి కదిలాక కూడా నేను దాన్ని గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. ఎక్కడ పోస్తే ఏం లేస్తుందో చూడకుండా పోయకూడదని ల్యాబులో చేరిన మొదటి వారంలోనే నాకు నేర్పారు.

ఇది దసరా వెళ్ళాక రాస్తున్నాను. మా విశ్లేషణ ఇంకా నడుస్తోంది. బ్యుటిరేట్ జోకొడుతుందో లేపుతుందో చెప్పగలిగే స్థితిలో మేము లేము. ఓదెలు గొట్టాన్ని నియమం ప్రకారం పక్కన పెట్టాను.

శంకరన్న మొన్న ఫోన్ చేశాడు. వర్షాలకు ముందు ఓదెలు బోర్డుకు వెళ్ళాడు. బాయి దిగడానికి పనికిరాడన్నారు, పైన డ్యూటీకి పనికొస్తాడన్నారు. ల్యాంపు రూములో ఇచ్చారు. మూడు షిఫ్టుల వాళ్ళకూ బత్తీలు అందిస్తాడు, తిరిగి తీసుకుంటాడు. నుదుటి నొప్పి అలాగే ఉంది. గాలి తగలకుండా తువ్వాల చుట్టుకుంటాడు. గడువు దాటిపోయింది. తిరుపతి అదే దుకాణంలో ఉన్నాడు.

బోర్డు కాగితం మీద కళ్ళ సంగతి ఏం రాశారని అడిగాను. శంకరన్న కాగితం తెప్పించుకుని చదివాడు. కుడి కన్ను ఆరుకు ఆరు. ఎడమ కన్ను, ఒక మీటరు దూరంలో వేళ్ళు లెక్కపెట్టగలదు.